నొయ్‌కోల్న్‌లో ఇల్లు తీసుకోవడం ఎలా

బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చిందనో, యూనివర్సిటీలో సీటు దొరికిందనో చెప్పగానే ఇక్కడున్న మనవాళ్ళ నుంచి రెండు రకాల సలహాలు వస్తాయి. "ఎక్కడైనా తీసుకో గానీ నొయ్‌కోల్న్ మాత్రం వద్దు" అనేది ఒకటి. "ఇప్పుడు కుర్రాళ్ళందరూ అక్కడే ఉంటున్నారు, అక్కడే చూడు" అనేది ఇంకొకటి. రెండూ సగం సగమే నిజం. బెర్లిన్ నగరాన్ని 12 బెజిర్కులుగా, అంటే పాలనా విభాగాలుగా పంచారు. వాటిలో నొయ్‌కోల్న్ ఒకటి. జనాభా 3 లక్షల పైమాటే. అంత పెద్ద చోటుకి ఒక్క మాట ఎలా సరిపోతుంది?

అక్కడ అద్దె ఇల్లు వెతుక్కోబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. కొత్తగా వచ్చినవాళ్ళు తొందరపడి ఎక్కువ అద్దెకి తల ఊపితే ఆ భారం వాళ్ళ జేబుతో ఆగదు, కొన్నేళ్ళకి ఆ వీధిలో ఎప్పట్నుంచో ఉంటున్న వాళ్ళ మీద కూడా పడుతుంది. అదెలాగో అద్దె లెక్క దగ్గర చెప్తాను. అందాకా ఇల్లు చూసుకుందాం.

1. ముందు ఏ నొయ్‌కోల్న్ కావాలో తేల్చుకోండి

మ్యాప్ తెరిచి రింగ్ రైలు దారి వెతకండి. ఎస్‌41, ఎస్‌42 రైళ్ళు నగరం నడిబొడ్డుని చుట్టి వచ్చే దారి అది. ఆ గీత నొయ్‌కోల్న్‌ని అడ్డంగా రెండు ముక్కలు చేస్తుంది. గీతకి ఉత్తరాన ఇరుకైన, సందడిగా ఉండే పాత పేట. దక్షిణాన బ్రిట్స్, గ్రోపియుస్‌ష్టాట్, బుకో, రూడో. జనం నోట "నొయ్‌కోల్న్" అన్న మాట వచ్చినప్పుడు, మంచికైనా చెడుకైనా, వాళ్ళ మనసులో ఉండేది ఉత్తర భాగమే.

ఆ ఉత్తర భాగం పాత పేరు రిక్స్‌డోర్ఫ్. 1737లో ప్రష్యా రాజు మొదటి ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్, మతం కారణంగా బొహీమియా వదిలి వచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబాలకి ఇక్కడ చోటిచ్చాడు. అంటే వలస అనేది ఈ ఊరికి నిన్నా మొన్నా వచ్చింది కాదు. తర్వాత రిక్స్‌డోర్ఫ్ బీరు కొట్లకీ, డాన్సు హాళ్ళకీ ఎంత పేరు మోసిందంటే, ఆ పేరు వదిలించుకోవడానికి 1912లో ఊరి పేరే నొయ్‌కోల్న్ అని మార్చేశారు. 1920లో ఊరు బెర్లిన్‌లో కలిసింది. పేరు మార్చినా చెడ్డపేరు పోలేదన్నది వేరే సంగతి.

అద్దెల కథ అర్థం కావాలంటే మాత్రం 1961 నుంచి చూడాలి. ఆ ఏడాది బెర్లిన్ గోడ లేచింది. నొయ్‌కోల్న్ పశ్చిమ బెర్లిన్‌లో ఉంది, దాని తూర్పు అంచు వెంటే గోడ. రెండో పక్క టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం, ఇళ్ళ కప్పుల మీదుగా దిగే విమానాలు. ఎటు చూసినా ఎవరికీ అక్కర్లేని చోటు కాబట్టి అద్దెలు చవక. అదే ఏడాది పశ్చిమ జర్మనీ టర్కీతో కార్మికుల ఒప్పందం చేసుకుంది. ఫ్యాక్టరీ పనులకి వచ్చిన టర్కిష్ కుటుంబాలు ఈ చవక ఇళ్ళలో దిగాయి. లెబనాన్ అంతర్యుద్ధ కాలంలో లెబనీయులు, పాలస్తీనీయులు వచ్చారు. యుగోస్లావియా ముక్కలైనప్పుడు అక్కడివాళ్ళు, 2015 ప్రాంతంలో సిరియన్లు. జొనెన్‌అల్లే వీధిలో అరబిక్ బోర్డులు ఇన్ని కనపడటం వెనక ఉన్నది ఇదీ.

2006లో ఇక్కడి ర్యూట్లీ స్కూలు టీచర్లు, పరిస్థితి తమ చేతుల్లో లేదంటూ నగర ప్రభుత్వానికి రాసిన ఉత్తరం దేశమంతా గొడవైంది. తర్వాత ఆ స్కూలుని పెద్ద క్యాంపస్‌గా మార్చి నిలబెట్టారు. ఇప్పుడు దాని చుట్టుపక్కల ఇళ్ళ కోసం జనం ఎగబడుతున్నారు. 2008 అక్టోబరులో విమానాశ్రయం మూతపడింది. 2010లో రన్‌వేలతో సహా దాన్ని పార్కుగా తెరిచారు. అంచుల్లో ఇళ్ళు కడతామంటే 2014 ప్రజాభిప్రాయ సేకరణలో నగరం వద్దంది. నిన్నటిదాకా విమానాల మోతతో నిద్ర పట్టని షిల్లర్‌కీట్స్ పేట, ఒక్కసారిగా 300 హెక్టార్ల పైచిలుకు మైదానం పక్కన ఉన్న పేట అయిపోయింది. అద్దెలు ఎటు వెళ్ళాయో వేరే చెప్పాలా?

ఇక మీ సంగతి. పెళ్ళి కానివాళ్ళు, రాత్రి బయట తిరగడం ఇష్టమున్నవాళ్ళు, షేరింగ్ రూముకి సిద్ధపడ్డవాళ్ళు ఉత్తరాన చూడండి. కాలువ పక్కన ఉన్న రొయ్‌టర్‌కీట్స్, మైదానం పక్కన ఉన్న షిల్లర్‌కీట్స్ బాగా ఖరీదెక్కాయి. రింగ్ దగ్గరికి వచ్చేకొద్దీ కాస్త నయం. పిల్లలున్నవాళ్ళకి, ఊళ్ళో నుంచి అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉండేవాళ్ళకి నేనైతే బ్రిట్స్ చెప్తాను. అక్కడ గుర్రపు నాడా ఆకారంలో కట్టిన హుఫ్‌ఐజెన్ కాలనీ ఉంది. 1925లో మొదలైన ఆ కాలనీకి బ్రూనో టౌట్, మార్టిన్ వాగ్నర్ రూపకర్తలు. 2008 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. కార్మికుల కోసం కట్టిన ఇళ్ళు కాబట్టి గదులు చిన్నవే, కానీ చెట్లు, గాలి, వెలుతురు పుష్కలం.

గ్రోపియుస్‌ష్టాట్ అంటే చాలామంది మొహం తిప్పేస్తారు. 1962 నుంచి 1975 వరకు కట్టిన, 18 వేల పైన ఫ్లాట్లున్న ఎత్తైన భవనాల కాలనీ అది. బౌహౌస్ అనే పేరున్న డిజైన్ స్కూలు స్థాపకుడు వాల్టర్ గ్రోపియుస్ ప్లాన్ వేసినది కాబట్టి ఆ పేరు. చూడటానికి బూడిదరంగు కాంక్రీటే. కానీ లిఫ్టు ఉంటుంది, యూ7 మెట్రో స్టేషన్లు కాలనీలోనే ఉంటాయి, స్కూళ్ళూ షాపులూ నడిచే దూరం. మన అపార్ట్‌మెంట్ జీవితానికి అలవాటైనవాళ్ళకి ఇదేం వింతగా ఉండదు. బుకో, రూడో సొంత ఇళ్ళ పేటలు, అద్దెకి దొరికేవి తక్కువ. రూడో గురించి ఒక్క మాట: యూ7 చివరి స్టేషన్ అదే, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకి ఎక్స్‌7 బస్సుంది. బెర్లిన్ టికెట్లకి ఏ, బీ, సీ అని మూడు జోన్లు; ఎయిర్‌పోర్టు సీ జోన్‌లో ఉంటుంది, ఏబీ టికెట్‌తో వెళ్తే జరిమానా కట్టాల్సి వస్తుంది.

2. ఒక పూట నడిచి చూడండి

ఫొటోలు చూసి పేట నిర్ణయించుకోకండి. మంగళవారమో శుక్రవారమో మధ్యాహ్నం హెర్మన్‌ప్లాట్స్‌లో దిగండి. యూ7, యూ8 రెండూ అక్కడ కలుస్తాయి. కొంచెం ఉత్తరానికి నడిస్తే కాలువ గట్టున మైబాఖ్‌ఊఫర్ సంత. ఆ రెండు రోజులే టర్కిష్ సంత జరుగుతుంది. సాయంత్రం మూసే వేళకి కూరగాయల రేట్లు పడిపోతాయి, అరుపులు పెరుగుతాయి. అక్కడి నుంచి వెనక్కి వచ్చి జొనెన్‌అల్లే పట్టుకుని నడవండి. బక్లావా, కునాఫా కొట్లు, షవర్మా, పెళ్ళి బట్టల షాపులు, మొబైల్ షాపులు. ఆ వీధిలో తిరిగే ఎం41 బస్సు చాలాసేపు రాదు, వస్తే రెండు మూడు వరసగా వస్తాయి. రోజూ ఆఫీసుకి ఆ బస్సు ఒక్కదాన్నే నమ్ముకోవాల్సిన ఇల్లయితే ఇంకోసారి ఆలోచించండి.

తర్వాత రిషార్డ్‌ప్లాట్స్ వైపు తిరగండి. పాత రిక్స్‌డోర్ఫ్ ఊరు ఇక్కడే మిగిలింది. రాళ్ళు పరిచిన వీధులు, చిన్న ఇళ్ళు, పక్క సందులో ఆ ప్రష్యా రాజు విగ్రహం. రెండు నిమిషాల దూరంలో కార్ల్ మార్క్స్ వీధి రణగొణధ్వని ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఆ వీధి దాటాక కోర్నర్‌పార్క్. ఒకప్పటి కంకర గుంటని రాజుల కోట తోటలా మార్చారు. చివరికి హెర్మన్ వీధి దాటి షిల్లర్‌కీట్స్ మీదుగా మైదానంలోకి వెళ్ళండి.

ఈ నడకలో ఇళ్ళ గోడలు కూడా చూడండి. వీధంతా మరమ్మతు స్కాఫోల్డింగ్ ఉందంటే త్వరలో అద్దెలు పెరుగుతాయి. నచ్చిన వీధికి శుక్రవారం రాత్రి 11 తర్వాత మళ్ళీ ఒకసారి వెళ్ళండి, మీ కిటికీ కింద బార్ ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

భయం సంగతి కూడా చెప్పాలి. 2022 డిసెంబర్ 31 రాత్రి జొనెన్‌అల్లే ప్రాంతంలో అగ్నిమాపక సిబ్బంది మీదా పోలీసుల మీదా బాణసంచా విసిరిన గొడవ దేశమంతా చర్చ అయింది. ఆ ఒక్క రాత్రి ఇంట్లో ఉండటం మేలు, లేదా వేరే చోటికి వెళ్ళండి. మిగతా రోజుల్లో హెర్మన్‌ప్లాట్స్ స్టేషన్లో ఫోనూ పర్సూ జాగ్రత్త, రాత్రిళ్ళు పార్కుల్లోంచి అడ్డదారి పడకండి. సాధారణంగా పెద్ద ఊళ్ళో తీసుకునే జాగ్రత్తే. "అక్కడికి అసలు వెళ్ళొద్దు" అనేంత లేదు.

3. కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి

మంచి ఇంటికి ప్రకటన పడితే కొన్ని గంటల్లో తీసేస్తారు. చూడ్డానికి పిలిచిన రోజున మెట్ల మీద కొత్త సినిమా మొదటి ఆటకి నిలబడ్డట్టు జనం ఉంటారు. కాబట్టి ఇల్లు నచ్చాక కాగితాలు వెతుక్కుంటే అయిపోయినట్టే. పాస్‌పోర్టు, వీసా కాపీ, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, కొత్తగా చేరేవాళ్ళయితే ఉద్యోగ ఒప్పందం, షూఫా రిపోర్టు (మీ అప్పులు, చెల్లింపుల చరిత్ర చూపించే కాగితం), పాత ఇంటి ఓనరు దగ్గర అద్దె బకాయి లేదన్న లెటర్. వీటన్నిటినీ ఒకే పీడీఎఫ్ చేసుకోండి. జర్మనీలో దిగి నెల కూడా కాకపోతే షూఫాలో మీ గురించి ఏమీ ఉండదు, ఆ మాటే జర్మన్‌లో ఒక వాక్యంగా రాయండి. విద్యార్థులు బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే ఖాతా) కాగితం, తల్లిదండ్రులు ఖర్చు భరిస్తారన్న లెటర్ పెట్టొచ్చు.

ఓనరుకి రాసే మెసేజ్ జర్మన్‌లోనే రాయండి, పొట్టిగా. ఎవరు, ఏం చేస్తారు, ఎంతమంది ఉంటారు, ఎప్పటి నుంచి కావాలి. మీ జీవిత చరిత్ర వాళ్ళకి అక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఇల్లు చూడకుండా, ఒప్పందం సంతకం కాకుండా ఒక్క యూరో కూడా పంపకండి. "నేను విదేశంలో ఉన్నాను, డెపాజిట్ వేస్తే తాళాలు కొరియర్ చేస్తాను" అన్నారంటే మోసం. ఊరి నుంచి బయల్దేరకముందే ఇల్లు ఖాయం చేసుకోవాలన్న టెన్షన్‌లో ఉన్న మన పిల్లలే వీళ్ళకి దొరికిపోయేది. మొదటి నెలకి హాస్టలో, తాత్కాలిక గదో తీసుకుని, దిగాక వెతకడం నయం.

4. వెతకాల్సిన చోట్లు

ప్రైవేటు పోర్టల్స్ అందరికీ తెలిసినవే. చాలామంది వదిలేసేది నగర ప్రభుత్వ కంపెనీల ఇళ్ళు. ష్టాట్ ఉంట్ లాండ్, దెగేవో, గెవోబాగ్, హోవోగె, గెజోబౌ, వేబేఎమ్ అన్నీ నగరం చేతిలోవే. ఖాళీ ఇళ్ళని ఒకే ఉమ్మడి పోర్టల్‌లో పెడతాయి. అద్దె న్యాయంగా ఉంటుంది, కాబట్టి పోటీ ఘోరం. అయినా రోజూ చూడండి. కొన్ని ఇళ్ళకి తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకిచ్చే వేబేఎస్ సర్టిఫికెట్ ఉండాలి. మీకు అది వర్తిస్తుందో లేదో బెజిర్క్ ఆఫీసులో కనుక్కోండి.

షేరింగ్ ఫ్లాట్‌ని ఇక్కడ వేగే అంటారు. అందులో గది తీసుకుంటే మీకు గది ఇచ్చేది అసలు ఓనరు కాకపోవచ్చు, ఆ ఇంటి మొదటి అద్దెదారు కావచ్చు. అలాంటప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి. సబ్‌లెట్‌కి ఓనరు అనుమతి ఉందా? అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి కాగితం ఇస్తారా? రెండో దానికి "అది కుదరదు" అన్నారంటే గది ఎంత బాగున్నా వదిలేయండి. ఆ కాగితం లేకపోతే మీ బతుకు ఎక్కడికక్కడ ఆగిపోతుంది.

ఇల్లు చూసేటప్పుడు ముందు భాగమా, వెనక భాగమా అడగండి. పాత భవనాలకి లోపల ఒక పెరడు, దాని వెనక ఇంకో భవనం ఉంటాయి. వెనకవైపు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది గానీ వెలుతురు తక్కువ. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండే లేని ఊళ్ళో కింది అంతస్తు వెనక గది అంటే మనసు మీద పడుతుంది. వంటింట్లో పొయ్యి, సింకు తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు. పైకప్పుకి బల్బు కూడా ఉండదు, వైర్లు వేలాడుతుంటాయి. అల్మరాలు పాత అద్దెదారు అమ్ముతానంటే బేరం చేయండి.

5. అద్దె లెక్క చదవడం నేర్చుకోండి

ప్రకటనలో రెండు అంకెలుంటాయి. కాల్ట్ అంటే ఇంటికి మాత్రమే. వార్మ్ అంటే దానికి నీళ్ళు, చెత్త, మెట్లు ఊడ్చడం, చాలాసార్లు హీటింగ్ కూడా కలిపినది. కరెంటు మామూలుగా విడిగానే. కొన్ని పాత ఇళ్ళలో ఫ్లాటుకే సొంత గ్యాస్ బాయిలర్ ఉంటుంది, అప్పుడు గ్యాస్ బిల్లు కూడా మీదే. "హీటింగ్ వార్మ్‌లో కలిసిందా?" అని తప్పకుండా అడగండి. ఏడాది చివర నిజంగా వాడినంత లెక్కేసి తేడా కట్టమనడమో తిరిగివ్వడమో చేస్తారు.

డెపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దె మించకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టం మీకిచ్చింది. బ్రోకరుని ఓనరు పెట్టుకుంటే ఫీజు ఓనరే కట్టాలి.

ఇప్పుడు అసలు సంగతి. బెర్లిన్‌లో మీట్‌ష్పీగెల్ అని ఒక అద్దెల పట్టిక ఉంటుంది. ఏ వీధిలో, ఎప్పుడు కట్టిన, ఎంత పెద్ద ఇంటికి చదరపు మీటరుకి మామూలుగా ఎంత నడుస్తోందో అందులో ఉంటుంది. ఆన్‌లైన్‌లో అడ్రస్ కొట్టి ఉచితంగా చూసుకోవచ్చు. 2015 జూన్ నుంచి ఇక్కడ అద్దెలకి కళ్ళెం చట్టం ఉంది: కొత్తగా ఇచ్చే ఇంటి కాల్ట్ అద్దె ఆ పట్టికలోని అద్దె కంటే 10 శాతానికి మించి ఎక్కువ ఉండకూడదు. 2029 చివరి దాకా ఆ చట్టాన్ని పొడిగించారు. మినహాయింపులున్నాయి. 2014 అక్టోబర్ 1 తర్వాత మొదటిసారి వాడకంలోకి వచ్చిన భవనాలకి ఇది వర్తించదు. పూర్తిగా ఆధునికీకరించి మొదటిసారి ఇచ్చే ఇళ్ళకీ అంతే. ముందున్న అద్దెదారు ఇప్పటికే అంతకంటే ఎక్కువ కడుతుంటే ఓనరు అదే అడగొచ్చు, కానీ ఆ మాట ఒప్పందానికి ముందే చెప్పాలి.

ఈ కళ్ళెం తప్పించుకోవడానికి ఎక్కువగా వాడే దారి ఫర్నిచర్. ఒక మంచం, ఒక టేబుల్, నాలుగు ప్లేట్లు పెట్టి, ఏడాది కాలపరిమితి పెట్టి, అద్దె పెంచేస్తారు. మంచం ఉన్నంత మాత్రాన చట్టం ఎగిరిపోదు. కానీ ఫర్నిచర్‌కి ఎంత, గోడలకి ఎంత అన్నది విడదీసి చూపించరు కాబట్టి నిలదీయడం కష్టం. ఇలాంటి ఇళ్ళకి ప్రధాన గిరాకీ ఎవరో తెలుసా? మనలాంటివాళ్ళే. కొత్తగా దిగి, భాష రాక, రెండు సూట్‌కేసులతో నిలబడి, బెంగళూరు, హైదరాబాద్ అద్దెలతో పోల్చి చూసుకుని "యూరప్ కదా, ఇంతే ఉంటుందేమో" అనుకునేవాళ్ళు.

ఆ పట్టిక తయారుచేసేటప్పుడు గత 6 ఏళ్ళలో కొత్తగా కుదిరిన, లేదా మారిన అద్దెలనే లెక్కలోకి తీసుకుంటారు. పాత అద్దెదారులకి అద్దె పెంచాలంటే ఓనర్లు చూపించేది ఆ పట్టికనే. పట్టిక పైకి జరిగితే వాళ్ళ అద్దె కూడా పైకి జరుగుతుంది, మూడేళ్ళలో 15 శాతం దాకా. కింద కిరాణా కొట్టు పెద్దాయన నలభై ఏళ్ళుగా ఉంటున్న ఇంటి అద్దెకీ, మీరు నిన్న సంతకం పెట్టిన ఒప్పందానికీ సంబంధం ఇది. నొయ్‌కోల్న్‌లో కొత్తవాళ్ళ మీద గోడల రాతలు కనిపిస్తే కోపం తెచ్చుకోకండి. అవి మీ రంగు మీద రాసినవి కావు, మీ జీతం మీద రాసినవి.

నగరం ఊరికే కూర్చోలేదు. 2020లో అద్దెలకి గరిష్ఠ పరిమితి పెడుతూ సొంత చట్టం తెచ్చింది. 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ కోర్టు అది చెల్లదంది, తగ్గిన అద్దె తేడాని చాలామంది తిరిగి కట్టుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో, పెద్ద హౌసింగ్ కంపెనీల ఇళ్ళని ప్రభుత్వపరం చేయాలా అని ఓటు పెడితే సగానికి పైగా అవునన్నారు. అమలు మాత్రం జరగలేదు.

మరి మీరేం చేయాలి? సంతకానికి ముందు పట్టికలో అడ్రస్ కొట్టి చూడండి. మీ దగ్గర అడిగినది హద్దు దాటినా ఇల్లు అత్యవసరమైతే సంతకం పెట్టండి, గొడవ అప్పుడే పెట్టుకోవాల్సిన పని లేదు. ఇంట్లో చేరాక రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. చేరిన 30 నెలల లోపు చెప్తే మొదటి నెల నుంచి ఎక్కువ కట్టినది వెనక్కి అడిగే హక్కుంటుంది. "ముందు ఒప్పుకుని తర్వాత అడగడం బాగోదేమో" అని మొహమాటపడకండి, ఆ చట్టం చేసిందే అందుకు.

6. చేరిన రెండు వారాల్లో రిజిస్ట్రేషన్

దీన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. చేరిన రెండు వారాల లోపు చేయించుకోవాలి. ఓనరు సంతకం పెట్టిన నివాస ధృవీకరణ కాగితం కావాలి, అద్దె ఒప్పందం దానికి బదులు కాదు. దీన్ని చేసే పౌర సేవల ఆఫీసు పేరు బ్యుర్గర్‌ఆమ్ట్. అక్కడి అపాయింట్‌మెంట్ నొయ్‌కోల్న్‌లోనే దొరకాలని లేదు, బెర్లిన్‌లో ఎక్కడైనా చేయించుకోవచ్చు. పొద్దున్నే పేజీ తిప్పి తిప్పి చూస్తే రద్దయిన స్లాట్లు కనిపిస్తాయి, లేదా ప్రభుత్వ ఆఫీసుల సమాచార నంబరు 115కి ఫోన్ చేయండి. డబ్బులు తీసుకుని అపాయింట్‌మెంట్ ఇప్పిస్తామనేవాళ్ళ జోలికి పోకండి, అది ఉచితంగా దొరికేదే.

ఫారంలో మతం అనే గడి ఉంటుంది. క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన మనవాళ్ళు అక్కడ ఆలోచించి రాయాలి. కాథలిక్ అనో, ఇక్కడి ప్రొటెస్టెంట్ చర్చి అనో నమోదైతే జీతం నుంచి చర్చి పన్ను కోస్తారు, బెర్లిన్‌లో అది ఆదాయపు పన్నులో 9 శాతం. కట్టాలనుకుంటే కట్టండి, తెలిసి కట్టండి.

లెటర్‌బాక్స్ మీద పేరు అదే రోజు అతికించండి. ఇక్కడ ఫ్లాటు నంబర్లుండవు, పోస్ట్‌మ్యాన్ ఇంటిపేరు చూసి వేస్తాడు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే రాయాలి. మనలో కొందరికి అక్కడ తండ్రి పేరుంటుంది, కొందరికి ఇంటిపేరు, కొందరికి రెండూ. రోజూ పిలిచే పేరు బాక్స్ మీద రాస్తే ట్యాక్స్ నంబరు, బ్యాంకు కార్డు వెనక్కి వెళ్ళిపోతాయి. వచ్చే ఉత్తరాల్లో రేడియో, టీవీ రుసుము కూడా ఉంటుంది, నెలకి 18.36 యూరోలు. టీవీ లేకపోయినా కట్టాలి, అయితే ఇంటికి ఒకటే. వేగేలో ఒకరు కడుతుంటే వాళ్ళ నంబరు చెప్పి మిగతావాళ్ళు తప్పుకోవచ్చు.

7. ఆ ఇంట్లో బతకడం

చలికాలంలో కూడా రోజూ కిటికీలు బార్లా తెరిచి కొన్ని నిమిషాలు గాలి ఆడనివ్వండి. లేకపోతే గోడలకి బూజు పడుతుంది, తప్పు మీ మీదకి వస్తుంది. పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తెరవండి. ఎండుమిర్చి ఘాటు మెట్లదారిలోకి పోతే పొగ అనుకుని కంగారుపడేవాళ్ళుంటారు. రాత్రి 10 తర్వాత, ఆదివారం రోజంతా డ్రిల్లింగ్ చేయకండి, పెద్ద మిక్సీ తిప్పకండి. ఇడ్లీ పిండి శనివారం పగలే రుబ్బేసుకోండి.

చెత్త పేపర్‌కి నీలం డబ్బా, ప్యాకింగ్ కవర్లకి పసుపు, కూరగాయ తొక్కలకి గోధుమరంగు, మిగతాదానికి నలుపు. పాత సోఫా వీధిలో వదిలేయకండి. నొయ్‌కోల్న్‌లో అది పెద్ద బెడద, చుట్టూ అందరూ అదే చేస్తున్నట్టు కనిపిస్తుంది, అయినా జరిమానా జరిమానానే. గ్రాడె వీధిలో నగర రీసైక్లింగ్ కేంద్రముంది.

సరుకుల విషయంలో ఈ పేట మనకి అదృష్టమే. బెండకాయలు, వంకాయలు, కట్టల కొద్దీ కొత్తిమీర, పుదీనా, ఎర్ర కందిపప్పు టర్కిష్, అరబ్ కొట్లలో దొరుకుతాయి, సూపర్‌మార్కెట్ కంటే చవకగా. కరివేపాకు, చింతపండు, మినప్పప్పు కోసం ఇండియన్, శ్రీలంక కొట్లు వెతుక్కోవాలి. ఆదివారం షాపులు మూత, మందుల షాపులు కూడా వంతులవారీగానే. శనివారం సాయంత్రానికే పాలు, పెరుగు తెచ్చుకోండి.

గుడికి బ్రిట్స్‌లో బ్లాష్కోఅల్లే స్టేషన్ దిగితే శ్రీలంక తమిళులు కట్టుకున్న మయూరపతి మురుగన్ ఆలయం, 2013లో తెరిచారు. హాజెన్‌హైడె పార్కు అంచున విరాళాలతో ఏళ్ళ తరబడి కట్టిన వినాయకుడి గుడి గోపురం కనిపిస్తుంది. భాష కోసం బెజిర్క్ నడిపే ఫోల్క్స్‌హోఖ్‌షూలె (పెద్దల కోసం నడిపే విద్యా కేంద్రం) తరగతులున్నాయి, ప్రైవేటు కంటే ఫీజు బాగా తక్కువ. చదువుకోవడానికి నొయ్‌కోల్న్ మున్సిపల్ భవనం పక్కన షాపింగ్ మాల్ పై అంతస్తులో హెలెనె నాథన్ గ్రంథాలయం. ఆవిడ యూదు కుటుంబానికి చెందిన గ్రంథాలయాధికారి, 1933లో నాజీలు ఉద్యోగం నుంచి తీసేశారు.

8. గొడవ వస్తే, వెళ్ళిపోవాల్సి వస్తే

అద్దె పెంపు లెటర్ వచ్చినా, హీటింగ్ పని చేయకపోయినా, డెపాజిట్ ఎగ్గొట్టాలని చూసినా ఒంటరిగా ఓనరుతో వాదించకండి. బెర్లిన్ బెజిర్కులన్నీ అద్దెదారులకి ఉచిత న్యాయ సలహా ఇస్తాయి, నొయ్‌కోల్న్‌లో కూడా. ఒప్పందం, ఉత్తరాలు, పట్టిక ప్రింటు పట్టుకెళ్ళండి. కోర్టు దాకా వెళ్ళే అవకాశం ఉందనుకుంటే అద్దెదారుల సంఘంలో సభ్యత్వం తీసుకోండి. గొడవ మొదలయ్యాక చేరితే దాని ఇన్సూరెన్స్ ఆ గొడవకి పనికిరాదు, కాబట్టి ఇంట్లో చేరిన కొత్తలోనే చేరండి.

ఇల్లు ఖాళీ చేయాలంటే మూడు నెలల ముందు నోటీసు. ఈమెయిలూ వాట్సాపూ చెల్లవు, కాగితం మీద పెన్నుతో సంతకం పెట్టి నెలలో మూడో పనిదినం లోపు అందేలా పంపండి, అప్పుడే ఆ నెల లెక్కలోకి వస్తుంది. తాళాలిచ్చే రోజున గోడలు, నేల, మీటరు రీడింగులు ఫొటోలు తీసి, అప్పగింత కాగితం మీద ఓనరు సంతకం తీసుకోండి. జర్మనీ వదిలి ఇండియా వెళ్ళిపోతుంటే రిజిస్ట్రేషన్ కూడా రద్దు చేయించుకోవాలి. డెపాజిట్ చేతికి రావడానికి నెలలు పడుతుంది, కాబట్టి అది వచ్చేదాకా ఇక్కడి బ్యాంకు ఖాతా మూసేయకండి.